మార్చి పదకొండున పుట్టినవాడు

ఎర్రబండపల్లి, ముదిగుబ్బ దారి
18 జూన్ 2023

ఎస్తేరక్కకు,

ప్రభువు కృప నీ ఇంటి మీద ఉండాలని రాయమంది అమ్మ. రాశాను. ఇక నా మాటలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు స్పీకర్‌లో పెడతావు, పక్కన ప్రతాప్ బావ దగ్గుతాడు. ఆ దగ్గు వింటూ అడగలేని మాటలు కొన్ని ఉన్నాయి. అందుకే ఇంటికి కాకుండా, నువ్వు జాకెట్లు కుట్టే సువార్తక్క షాపుకు రాస్తున్నాను.

నీ కొడుకు అభిలాష్ బాగున్నాడు. మీరు దించిపోయి పది రోజులైంది. మొదటి రెండు రోజులు బస్సు చప్పుడైతే చాలు, రోడ్డు దాకా పరుగెత్తేవాడు. ఇప్పుడు వాళ్ళవ్వ వెంట గొర్రెల దగ్గరికి పోతున్నాడు. పదమూడింటికీ పేర్లు పెట్టాడు. ఒకదానికి నా పేరే, ఎలిజబెత్ అని. ఎక్కువ అరిచేది అదేనట.

నిన్న బడి హెడ్మాస్టరు తిప్పన్న సారు వచ్చాడు. అమ్మ వాకిట్లో చెనక్కాయలు వలుస్తోంది.

"ఏమ్మా నల్లమ్మా, నీ మనవనికి ఐదున్నరేండ్లు కదా. ఒకటో తరగతిలో ఎక్కిస్తా, తోలు."

"వాడు ఈడ ఉండేటోడు కాదు సార్. చుట్టపుచూపుగా వచ్చినాడు."

సారు తీగె మీద ఆరేసిన గుడ్డల వైపు చూశాడు. "చుట్టపుచూపుకు వచ్చినోడు సలికాలం స్వెట్టరు గూడా తెచ్చుకున్నాడే!"

అమ్మ తలెత్తలేదు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. బి.ఎస్సీ, ఆపైన బి.ఇడి. చదివి, రేపో మాపో పంతులమ్మను కావలసినదాన్ని, ఒక పిల్లవాణ్ణి బడికి పంపకుండా దాచిపెడుతున్నాను. ఎందుకక్కా? నువ్వే నీ చేత్తో రాయి.

లిజ్జి


గుంతకల్లు
2 జూలై 2023

ప్రియమైన చెల్లి లిజ్జికి నీ అక్క ఎస్తేరు వందనాలు చెప్పి రాయునది. అమ్మ మోకాళ్ళ నొప్పి కోసం ప్రార్థన చేస్తున్నాను.

నీ ఉత్తరం సువార్తక్క కుట్టుమిషన్ సొరుగులో పెట్టి ఇచ్చింది. ఆమె ఎవరికీ చెప్పదు.

మీ బావ సంగతి నీకు తెలియంది కాదు. రైల్వే పరీక్ష పాసై, కాగితాలు చూసే రోజున ఈడు నలభై ఒక్క దినాలు ఎక్కువైందని పక్కన నిలబెట్టినారు. ఇప్పుడు అదే స్టేషన్లో కాంట్రాక్టు కింద పార్శిలు మూటలు మోస్తాడు. "నన్ను బళ్ళో ఏసేటప్పుడు అయ్యవారు పుట్టినరోజు అడిగితే మా నాయన నోటికొచ్చింది చెప్పినాడు. ఆ నోటిమాట నా బతుకు తినింది. నా కొడుక్కి నేను రెండేండ్లు మిగిలిస్తా" అంటాడు. ఇది ఆయన రోజూ అనే మాట, లిజ్జీ. అన్నం కలిపేటప్పుడు గూడా అంటాడు.

ఈడ ఆఫీసర్ల పిల్లలను గూడా ఒక ఏడాది ఇంట్లో ఆపి బడికి పంపుతారంట. క్లాసులో అందరికన్నా పెద్దోడైతే అన్నిట్లో ముందుంటాడు. పెద్ద స్కూళ్ళ పరీక్షలకు తొందర ఉండదు. ఉద్యోగం నాటికి ఈడు మిగిలే ఉంటుంది. మనం చేస్తే తప్పెట్ల అవుతుంది?

వీడు ఈడ ఉంటే వీధిలో అందరికీ వీని ఈడు తెలుసు. అందుకే ఏడాది పాటు అమ్మ దగ్గర. వచ్చే జూన్‌కు వేరే కాలనీకి మారి, ఎల్.కె.జి.లో వేస్తాం. కొత్త పుట్టిన సర్టిఫికెట్ తయారవుతున్నది. అందులో పేరు జోయెల్. మీరు గూడా ఇప్పట్నుంచే అట్ల పిలవండి. ఊర్లో ఎవరైనా అడిగితే బాప్తిస్మం పేరని చెప్పండి.

ఇంకొక మాట. పొద్దుగూకినాక వానికి గుడ్డు, పాలు వద్దంట. మరీ ఎదిగితే కాగితానికి సరిపోడు అంటాడు ఆయన. ఇది నా మాట కాదు. ఈ సంగతి అమ్మతో చెప్పకు.

నీ అక్క
ఎస్తేరు


ఎర్రబండపల్లి
27 డిసెంబర్ 2023

అక్కకు,

క్రిస్మస్ అయిపోయింది. చెనక్కాయ ఈసారి కూడా ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. తీగె పీకి గొర్రెలకు వేశాం. మేము ముగ్గురం బాగానే ఉన్నాం.

గుడ్డు సంగతి అమ్మతో చెప్పలేదు. చెప్పకుండా రోజూ రెండు పెడుతున్నాను. బావకు ఆ మాట కూడా చెప్పుకో.

డిసెంబర్ ఐదున వాడికి ఆరేళ్ళు నిండాయి. సజ్జరొట్టెలో బెల్లం, నెయ్యి వేసి ముద్ద చేసి పెడితే తీసుకోలేదు. "ఈ పొద్దు నా పుట్టినరోజు కాదు చిన్నమ్మా" అన్నాడు. నేనింకా ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. వచ్చిన ఆదివారం బావ ఫోన్ చేశాడు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఫోన్‌కు కళ్ళున్నట్టు.

"పేరు?"

"జోయెల్."

"ఎన్నేండ్లు?"

"మూడు నిండి నాలుగు నడస్తాంది."

"యెప్పుడు పుట్టినావు?"

"మార్చి పదకొండు, రెండువేల ఇరవై."

"శబాష్."

అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

అంతకు ముందు వారం జరిగింది కూడా విను. నాలుగు రోజులుగా వాడు గంజి తప్ప ఏమీ తినడం లేదు. అడిగితే ఆకలి లేదంటాడు. ఐదో రోజు రాగిసంగటి ముద్ద నమలకుండా అమాంతం మింగాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కూడా. బలవంతాన నోరు తెరిచి చూశాను. కింద ముందుపన్ను లేదు, రక్తం కారుతోంది. ముద్దతో పాటు పన్ను కూడా మింగేశాడు. "నాయనకు చెప్పద్దు చిన్నమ్మా. నాలుగేండ్లోళ్ళకు పండ్లు ఊడవంట" అన్నాడు. నాలుగు రోజులు ఆ పన్నును నాలుకతో ఆనించి పట్టుకున్నాడు వాడు.

ఇప్పుడు నేను అడగవలసింది. మార్చి పదకొండు, 2020. ఆ తేదీ నాకు తెలుసక్కా. నీ రెండోవాడు పుట్టిన రోజు అది. కాన్పు ఆసుపత్రిలో అయింది. అక్కడి నుంచి నిన్ను ఇక్కడికి తెచ్చుకున్నాం. పేరు పెట్టకముందే పందొమ్మిది రోజులకు పోయాడు. లాక్‌డౌన్. బావ గుంతకల్లులో ఇరుక్కుపోయాడు. పాస్టరుగారిని పోలీసులు చెక్‌పోస్టు దాటనివ్వలేదు. ఊళ్ళో ఒక్కరు కూడా గడప దాటి రాలేదు. చేను మూలలో గుంత తీసింది అమ్మా నేనూ.

ఆ తేదీ వీడి నోట్లోకి ఎలా వచ్చింది?

లిజ్జి


గుంతకల్లు
22 జనవరి 2024

లిజ్జికి,

నువ్వు అనుకున్నదే నిజం. ఇంక దాచను.

పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు మగబిడ్డ అని రాసుకొని పంపినారు. పోయినప్పుడు రాసేవాళ్ళు లేరు. ఆ కాలంలో ఎవరు పోయి చెప్తారు? మనం గూడా చెప్పలేదు. కాబట్టి ఆఫీసు కాగితంలో వాడు బతికే ఉన్నాడు. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. మీ బావ పోయి పేరు రాయించినాడు. దొంగ సర్టిఫికెట్ చేయిస్తే పట్టుకుంటారు, ఇది నిజమైన సర్టిఫికెట్, ఎవరు వెతికినా దొరుకుతుంది అంటాడు.

నువ్వు నన్ను అసహ్యించుకుంటావని తెలుసు. ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం నా చేతిలో పెట్టినప్పుడు నాకు ఏడుపు రాలేదు. సంతోషమైంది. ఆ బిడ్డకు ఒక పేరు, ఆ పేరు అచ్చులో, పక్కన తల్లి అని నా పేరు. ఆ బిడ్డ ఫోటో గూడా లేదు కదా నా దగ్గర. జోయెల్ అని పిలిస్తే పెద్దోడు పలికినప్పుడు, ఇద్దరూ పలికినట్టు ఉంటుంది.

మే నెలలో వచ్చి తీసుకుపోతాం. అప్పటిదాకా వాన్ని బడి దిక్కుకు పోనీయకు.

ఎస్తేరు


ఎర్రబండపల్లి
16 జూన్ 2024

అక్కా,

వాడు లేక ఇల్లు బోసిపోయింది. గొర్రెల పేర్లు నాకన్నీ గుర్తులేవు. అమ్మ అన్నిటినీ "ఓయ్" అంటోంది.

ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మీరు బయలుదేరేటప్పుడు, బావ ఆటోలో సంచులు ఎక్కిస్తుండగా నువ్వొక స్టాంపు పేపరు తీసి, "అడ్మిషన్‌కు ఇంటిమనిషి సాక్షి సంతకం కావాలంట, పైన వాళ్ళే టైపు చేసుకుంటారు" అన్నావు. అడుగున గీత, పైనంతా ఖాళీ. వాడు నా కొంగు పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. పెట్టేశాను.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని పిల్లలకు చెప్పవలసినదాన్ని నేను. నువ్వు కాకుండా ఇంకెవరు అడిగినా పెట్టేదాన్ని కాదు.

పైన ఏం టైపు చేశారో ఒక నకలు పంపు.

లిజ్జి


గుంతకల్లు
30 జూలై 2024

చెల్లి లిజ్జికి నీ అక్క వందనాలు.

దేవుడు మమ్మల్ని దీవించినాడు. వారం పరీక్షల్లో జోయెల్ అన్నిట్లో ఫస్టు. ఎల్.కె.జి. మిస్ నన్ను పిలిపించి, "మీ బాబుకు నాలుగేళ్ళే కదండీ, రెండో తరగతి పుస్తకం చదువుతున్నాడు" అని ఆశ్చర్యపడింది. స్కూలు గేటు దగ్గర వాని ఫోటో పెద్దది వేసి కట్టినారు. మీ బావ ఆ ఫోటో కింద నిలబడి ఫోటో తీసుకొని పార్శిలు ఆఫీసులో అందరికీ చూపించినాడు. పెండ్లయినాక ఆయన అట్ల నవ్వింది నేను చూడలేదు.

పరుగు పందెంలో మిగతా పిల్లలు సగం దూరంలో ఉండగానే వీడు గీత దాటినాడు. దాటి, వెనక్కి తిరిగి చూసి, ఒక్కడే నిలబడినాడు. ఇంటర్వెల్‌లో ఎవరూ ఆటకు పిలవరంట. వాళ్ళ ఆటలు వీనికి నచ్చవు, వీని ఆటలు వాళ్ళకు రావు. ఆ సంగతి సర్దుకుంటుందిలే.

మొన్న తలకు నూనె పెడుతుంటే అడిగినాడు: "మా, అభిలాష్‌ను యాడ పెట్టినారు?" ఊర్లో అవ్వ దగ్గర ఉన్నాడు అని చెప్పినాను. "వానికి గుడ్డు పెడతాంటారా?" అన్నాడు. పెడతాంటారు అన్నాను.

నకలు వచ్చే ఉత్తరంలో పంపుతా.

నీ అక్క
ఎస్తేరు


ఎర్రబండపల్లి
19 ఆగస్టు 2024

ఎస్తేరుకు,

నకలు పంపనక్కరలేదు. చూశాను.

ప్రతి ఏడూ బడి బయట ఉన్న పిల్లల్ని వెతికి రాసుకుంటారని నీకు తెలుసు. మన ఇంటి రేషన్ కార్డులో నీ కొడుకు పేరు ఇంకా ఉంది: అభిలాష్, పుట్టింది డిసెంబర్ 2017, ఏ బడిలోనూ లేడు. వాళ్ళు బావకు ఫోన్ చేశారట. బావ ఒక మాట చెప్పి, తర్వాత ఒక కాగితం పంపాడట. ఆ కాగితం పట్టుకుని తిప్పన్న సారు ఈ పొద్దున వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎలిజబెత్, నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చదువు."

మరణ ధ్రువీకరణ పత్రం. పేరు అభిలాష్. 30 మార్చి 2020, ఎర్రబండపల్లి. కింద జతచేసిన ప్రమాణపత్రం: 'పై బాలుడు నా ఎదుట మరణించెను, మా సొంత చేనులో ఖననం చేసితిమి.' దాని కింద నా సంతకం. బి.ఎస్సీ., బి.ఇడి. అని నా డిగ్రీలు కూడా రాసుకున్నారు.

"మొన్న మే నెల దాకా నా బడిగోడెక్కి లోపలికి తొంగిచూసినోడు, నాలుగేండ్ల కింద యెట్ల సచ్చిపోతాడమ్మా?" అన్నాడు సారు. "గోడ దిగురా అంటే, 'కూర్చోను సార్, ఊరికే వింటా' అనేవాడు. ఆ పిల్లోడేనా ఈ కాగితంలో ఉండేది?"

అమ్మ కొడవలి కింద పెట్టి వచ్చింది. సారు చదివి వినిపించాడు. రెండుసార్లు చదివించుకుంది.

"నేను గుంత తవ్వి పూడ్చింది యెవర్నో నాకు తెలీదా సార్? పందొమ్మిది దినాల పసిగుడ్డు. నా మూరెడు గూడా లేదు. వీడు నా బుజం దాకా ఉండాడు!"

సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దసరా సెలవులైపోయేదాంక ఈ పేరు మీద నేను పెన్ను పెట్టను. తర్వాత నేను గూడా ఉద్యోగస్తుణ్ణే. కొట్టేయాల్సి వస్తుంది."

అక్కా, పోయినవాడి పుట్టుక కాగితం బతికినవాడికి ఇచ్చారు. సరే. బతికినవాడికి చచ్చినవాడి కాగితం ఇస్తారా? నువ్వు ఆ స్టాంపు పేపరు నా చేతికి ఇచ్చేటప్పుడే నీకు తెలుసా? ఈ ఒక్కటి చెప్పు.

లిజ్జి


గుంతకల్లు
8 సెప్టెంబర్ 2024

ఎలిజబెత్‌కు,

మేము క్షేమం. నీవు రాసినది అందినది. జరిగినదంతా పిల్లవాని మేలు కొరకే జరిగినది. పోయినవానికి మరణ పత్రం తీయడం తప్పు కాదు. పేరు ఒకటి మాత్రమే మారినది. నీవు ఈ విషయం ఎవరితోనూ మాట్లాడవద్దు. మాట్లాడితే అబద్ధపు ప్రమాణం చేసినది నీవే అవుతావు. కేసు అయితే డీఎస్సీలో సెలెక్టు అయినా ఉద్యోగం ఇవ్వరు. ఆలోచించుకో.

జోయెల్ బాగా చదువుచున్నాడు.

ఇట్లు
ఎస్తేరు

ఎలిజబెత్, ఉత్తరాలు షాపుకు ఎందుకు? ఇకమీదట ఇంటికే రాయి. నేను చదివి మీ అక్కకు ఇస్తా.
ప్రతాప్


గుంతకల్లు
21 నవంబర్ 2024

లిజ్జీ,

ఇది సువార్తక్క కొలతల పుస్తకంలో చించిన కాగితం. ఆమే పోస్టు చేస్తుంది. మొన్నటి ఉత్తరం ఆయన చెప్తుంటే రాసింది. ఆ భాష నాది కాదని నీకు తెలిసే ఉంటుంది.

నువ్వు అడిగిన ఒక్కదానికి జవాబు: సంతకం పెట్టించేటప్పుడు నాకు తెలుసు.

ఇప్పుడు దానికన్నా పెద్ద కీడు జరిగింది. వాని క్లాసులో గిరి అని ఒక పిల్లోడు. నిజంగా నాలుగేండ్లోడే, చూస్తే ఇంకా చిన్నగా కనిపిస్తాడు. సోమవారం ఇంటర్వెల్‌లో వాడు మనోని నోట్లోకి చూసి, "నీకు పెద్ద పండ్లు వచ్చినాయి, మాయన్నకు మాదిరి! నువ్వు పెద్దోనివి!" అని అందరికీ వినబడేటట్టు అరిచినాడంట. పిల్లలంతా మూగి పెద్దోడు, పెద్దోడు అని చప్పట్లు కొట్టినారంట. వీడు గిరిని రెండు చేతులతో ఎత్తి మెట్ల మీదనుంచి కిందికి వేసినాడు. తోయలేదు లిజ్జీ. ఎత్తి వేసినాడు. ఆ బిడ్డ చెయ్యి రెండు చోట్ల విరిగింది. తల పగిలి నాలుగు కుట్లు పడినాయి.

మిస్ అడిగితే ఏడవలేదంట. "నేను కాదు మిస్. అభిలాష్ వేసినాడు" అన్నాడంట.

"అభిలాష్ ఎవరు?"

"మాయన్న. సచ్చిపోయినాడు."

వానికి ఎట్ల తెలుసంటావా? ఊర్లో పిల్లల లెక్క రాసేవాళ్ళు ఫోన్ చేసినప్పుడు, "మా అభిలాష్ పోయినాడు సార్" అని మీ బావ చెప్తుంటే, వాడు పక్కనే చపాతి తింటున్నాడు. నమిలేది ఆపలేదు. అందుకే విననేలేదు అనుకున్నా.

నేను చెప్పవలసిన భయం ఇది కాదు. ఇంటికొచ్చినాక ఆయన వాన్ని కొడతాడనుకున్నా. కొట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "అంతమంది అడిగినా నోరు జారలేదు చూడు, నా కొడుకు" అని తల నిమిరినాడు. బజారుకు తీసుకుపోయి కొత్త బ్యాటు కొనిచ్చినాడు.

గిరి వాళ్ళ నాయన లింగన్న మా ఇంటి ముందర నిలబడి, "నాలుగేండ్లోడు నా కొడుకును ఎత్తేస్తాడా? డాక్టరు దగ్గర ఈడు తేల్చాల్సిందే" అని పోయినాడు. చేతి ఎముక ఫోటో తీస్తే ఈడు తెలిసిపోతుందంట. ఆయన ఇల్లు ఖాళీ చేద్దాం, బళ్ళారి పక్క ఏదైనా ఊరికి పోదాం అంటున్నాడు. నేను అమ్మ దగ్గరికి తోలుదాం అన్నా. "ఆ ఊర్లో వాడు సచ్చిపోయినాడు కదే, ఏమని తోల్తావు?" అన్నాడు.

నిజమే కదా. ఏమని తోల్దును?

అక్క


ఎర్రబండపల్లి
2 డిసెంబర్ 2024

అక్కా,

సువార్తక్క చేతికి ఇవ్వమని ఆంజి మామతో పంపుతున్నాను. గొర్రెలు అమ్మడానికి గుంతకల్లు దిక్కు వస్తున్నాడు. పోస్టును నమ్మను.

దసరా సెలవులు అయిపోయి నెల దాటినా తిప్పన్న సారు ఆ పేరు కొట్టేయలేదు. నా కోసం ఆగాడు. నిన్న ఆయన దగ్గరికి పోయి, తెల్లకాగితం అడిగి, నా చేత్తో రాసిచ్చాను. ఈసారి ముందు రాసి తర్వాత సంతకం పెట్టాను. 'ప్రమాణపత్రంలో ఉన్నది అబద్ధం. ఖాళీ కాగితం మీద సంతకం చేసిన తప్పు నాది. అభిలాష్ అనే బాలుడు బతికే ఉన్నాడు. చనిపోయింది అతని తమ్ముడు.' ఎవరెవరికి పంపాలో వాళ్ళందరికీ సారు పంపాడు.

"కేసైతే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?" అని అడిగాడు.

తెలుసన్నాను. పోటీ పుస్తకాలన్నీ మూటకట్టి భారతికి ఇచ్చేశాను. మన వీధి చివరింటి పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం. సంతోషంగా తీసుకుపోయింది. కారణం అడగలేదు. అడిగితే ఏడ్చేదాన్ని.

వాళ్ళు రేపో ఎల్లుండో మీ ఇంటికి వస్తారు. బావ దబాయిస్తాడు, సర్టిఫికెట్ చూపిస్తాడు. ఆ సర్టిఫికెట్ నిజమైనదే కాబట్టి వాళ్ళు ఊరుకునే ప్రమాదం ఉంది. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. వాళ్ళు నిన్ను అడిగినప్పుడు నిజం చెప్పు. కడుపున మోసినదానివి. నీ మాటను ఏ కాగితమూ కొట్టేయలేదు.

ఎల్లుండి కాక ఆవలెల్లుండికి వాడికి ఏడేళ్ళు.

లిజ్జి


గుంతకల్లు
14 డిసెంబర్ 2024

లిజ్జీ,

వచ్చినారు. నిన్న పదకొండు గంటలకు. ఒక మేడం, ఫైలు పట్టుకొని ఒక సారు, వాళ్ళ వెనక లింగన్న. మా సామాను సగం మూటల్లో ఉంది. ఆదివారం లారీ మాట్లాడుకున్నాం.

మీ బావ తడబడలేదు. సర్టిఫికెట్ ఇచ్చినాడు. "పెద్దోడు లాక్‌డౌన్‌లో పోయినాడు మేడం, వీడు చిన్నోడు. మా మరదలికి పెండ్లి కాలేదని మా మీద కడుపుమంట, ఏదో రాసిచ్చింది" అన్నాడు. సారు సర్టిఫికెట్ నంబరు ఫోన్లో కొట్టి చూసి, సరిగ్గానే ఉంది అన్నాడు. లింగన్న గొణుక్కుంటున్నాడు.

మేడం వాన్ని దగ్గరికి పిలిచింది. పొడుగు చూసింది, పండ్లు చూసింది. గడ్డం పట్టుకొని, "నీ పేరేంటి నాన్నా?" అని మెల్లగా అడిగింది.

వాడు మీ బావ మొగం చూసినాడు. నా మొగం చూసినాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగినాడు: "మీకు ఏ పేరు రాసుకోవాల మేడం?"

సారు రాసేది ఆపినాడు. మేడం వాని గడ్డం వదిలిపెట్టి నా దిక్కు తిరిగింది. "తల్లివి. నువ్వు చెప్పమ్మా."

చెప్పినాను లిజ్జీ. నువ్వు అడిగినట్టే చెప్పినాను. లేచి నిలబడి, మీ బావ దిక్కు చూడకుండా, "వీడు అభిలాష్ మేడం. నా పెద్ద కొడుకు. రెండువేల పదిహేడు డిసెంబరు ఐదున పుట్టినాడు. పోయింది చిన్నోడు" అన్నాను. ఆ మాటలు నా గొంతులో ఏడాదిన్నరగా ఉండి, నోట్లోకి తొందరగా వచ్చేసినాయి.

మీ బావ కదల్లేదు. కదిలింది వాడు. పరిగెత్తుకొని వచ్చినాడు. నన్ను పట్టుకోవడానికి వస్తున్నాడనుకొని వంగినాను. రెండు చేతులతో నా నోరు మూసినాడు. ఎంత బలముంది ఆ చేతుల్లో! పెదవి పంటికి తగిలి తెగింది. మేడం విడిపించబోయినా వదల్లేదు. వెనక్కి తిరిగి ఆమెను బతిమాలినాడు.

"అబద్ధం మేడం. మాయమ్మకు తెలీదు. అట్ల రాయద్దు మేడం. వాడు బతికితే నేను సచ్చిపోవాల."

ఎస్తేరు